పల్లవి తర్వాత

"మళ్లా ఆగిన్రు," అన్నాడు దయాకర్, హార్మోనియం మీంచి చేతులు తీసేస్తూ.

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘాన్నంతా కూర్చోబెట్టి, తను కట్టిన క్రిస్మస్ పాట నేర్పిస్తున్నాడు. పల్లవి సంఘానిది, చరణాలు అతనితో పాటు క్వయర్‌వి. పల్లవి చివరి మాట ఇంకా నోట్లో ఉండగానే చరణం అందుకోవాలి. మధ్యలో సందు ఉండకూడదు. ఆ సందు పూడ్చడానికే నెల రోజులు కూర్చుని ఈ బాణీ కట్టాడు. కానీ చిల్కానగర్ సంఘం సంగతి తెలిసిందే. కొత్త పాట రావడానికి మూడు ఆదివారాలు కావాలి, పాత అలవాటు పోవడానికి ముప్పై ఏళ్లు చాలవు.

ఆ అలవాటు తండ్రి గండయ్య నాటిది. నాచారంలో రాతిపొడి ఆడే ఫ్యాక్టరీ దుమ్ము ఆయన ఊపిరితిత్తులను తినేసింది. పాట నడిపిస్తూ, పల్లవి కాగానే ఆగి ఊపిరి తీసుకునేవాడు. ఛాతీలో పిల్లికూతలు వినబడేవి. అవి సద్దుమణిగేదాకా సంఘం ఆగేది. ఆయన పోయి రెండేళ్లయింది. ఫ్యాక్టరీలో ఆయన ఉద్యోగం, ఆయన హార్మోనియం రెండూ దయాకర్‌కే వచ్చాయి. కానీ సంఘం ఆగినప్పుడల్లా ఆ నిశ్శబ్దంలో నాన్న పిల్లికూతలు అతనికి ఇప్పటికీ వినిపిస్తాయి. భయమేస్తుంది. కన్నతండ్రికి భయపడుతున్నందుకు సిగ్గేస్తుంది కూడా.

"నాయిన పోయిండు. ఇంకెవరి కోసం ఆగుతున్రు?"

ముందు వరసలో తల్లి బాలనర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మూడుసార్లు పాడించాడు. మూడుసార్లూ ఆగారు. విసుగొచ్చి, క్వయర్‌లో పాడే ప్రవీణకు హార్మోనియం అప్పజెప్పాడు. ఎవరు ఆగుతున్నారో బయటి నుంచి వింటానని చెప్పి, వెళ్లి ఆవరణలో నల్లా దగ్గర నిలబడ్డాడు.

లోపల పల్లవి మొదలైంది. ఉండబట్టలేక అతనూ గొంతు కలిపాడు. పల్లవి చివరి మాట మీదే చరణం ఎత్తుకున్నారు. ఎవరూ ఆగలేదు. తను అనుకున్నట్టే పాట సాగిపోయింది. అతని కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లకు నాన్న తనను వదిలాడనుకున్నాడు.

అప్పుడే పిల్లికూతలు వినిపించాయి. చాలా దగ్గర్లో. చుట్టూ చూశాడు. ఎవరూ లేరు.

గబగబా లోపలికొచ్చాడు.

"ఇప్పుడెట్ల ఆగకుంట పాడిన్రు?"

ప్రవీణ తల దించుకుంది. బాలనర్సమ్మే నెమ్మదిగా లేచి, కొడుకు ఛాతీ మీద చెయ్యి వేసింది.

"నువ్వు లోపల లేవు గద బిడ్డా. నీకు ఊపిరి అందేదాంక ఆగే పని లేకపాయె."