పీటీ పీరియడ్‌లో పార్వతీబాయి

"నడువు ఇంటికి. రేపు ఉమ్రి లేదు గిమ్రి లేదు. పొద్దుగాల పత్తి ఏరనీకి పోవాలె," అంటూ పార్వతీబాయి మనవరాలి రెక్క పట్టుకోబోయింది. తృప్తి చటుక్కున వంగి, నాయనమ్మ చేతి కింది నుంచి జారుకుంది.

ఆటల పీరియడ్ అప్పుడే మంచి ఊపు మీద ఉంది. మైదానం నడుమ ఎనిమిది మంది ఆడపిల్లలు ఒకరు అటు, ఒకరు ఇటు ముఖం పెట్టి వరసగా గొంతుక్కూర్చున్నారు. తృప్తి తొమ్మిదోది. తరమడానికి మనిషి చాలక దిగంబర్ గురూజీయే బొజ్జ ఊపుకుంటూ ఆ పిల్ల వెంట పడుతున్నారు. ఆ బడి నాలుగో తరగతిలో ఉన్న ఆడపిల్లలే తొమ్మిది మంది. ఖోఖో జట్టుకు కావలసిందీ తొమ్మిది మందే. ఒక్కరు తగ్గినా రేపు ఉమ్రిలో జరిగే పోటీల్లో గెలుపు మాట అటుంచి, అసలు ఆడనివ్వరు.

గురూజీ నోట్లోంచి ఈల జారింది. "పార్వతీబాయీ, ఒక్క దినం ఆగరాదు. రెండు నెలల సంది కష్టపడుతున్నరు పిల్లలు."

"నేనాగుత గురూజీ, వాన ఆగుతదా? పత్తి తడిస్తే నువ్వు కొంటవా? ఏడున్నా పట్టుకరమ్మని నా కొడుకు తోలిండు."

తృప్తి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా నాలుగడుగులు దూరం జరిగి నిలబడింది.

"నేను రాను బాపమ్మ."

"రావా?" పార్వతీబాయి చెప్పులు విడిచింది. కొంగు తీసి నడుముకు చెక్కింది. "సరే. గంట కొట్టెలోపల నిన్ను పట్టుకుంట. పట్టుకుంటే పత్తికి రావాలె. పట్టకపోతే నీ ఇష్టమున్న కాడికి పో. మీ ఆట లెక్కనే ఆడుత. మళ్ల తొండి అనొద్దు."

పిల్లలంతా కిసుక్కున నవ్వారు. తృప్తి కళ్ళు తుడుచుకుంది. గంటకు ఇంకా పది నిమిషాలే ఉన్నాయి. అరవై దాటిన బాపమ్మ తనను పట్టుకోవడమా?

రోజూ సరిగ్గా ఈ వేళకే మేకను తోలుకొచ్చి బాపమ్మ బడి గోడ పక్కన కూర్చుంటుందన్న సంగతి ఆ పిల్లకు గుర్తు రాలేదు. తృప్తి వరసలో సందు దొరికిన చోటల్లా దూరి తప్పించుకుంటుంటే, తరిమేవాళ్ళు సందులో దూరకూడదని తెలిసినట్టే ముసలామె ఒక్కసారైనా అందులో కాలు పెట్టలేదు. వరస చివరనున్న గుంజ చుట్టూ తిరిగే వచ్చింది. రెండు చుట్లకే ఆయాసం వచ్చేసింది.

"చాలు తీయమ్మా, ఇన్ని నీళ్లు తాగు," అన్నారు గురూజీ కంగారుగా.

ఆమె వినిపించుకోలేదు. మూడో చుట్టులో రూపాలి వెనకాల ఆగింది. ఆ జట్టులో రూపాలిని మించి పరుగెత్తే పిల్ల లేదు. పార్వతీబాయి ఆ పిల్ల వీపు మీద చెయ్యి వేసింది.

"ఖో."

ఖో వినబడ్డాక లేవకుండా ఉండటం రూపాలికి చేతకాదు. అలవాటు కొద్దీ లేచింది, ఉరికింది. మూడంగల్లో చెయ్యి తృప్తి జడ దాకా వచ్చేసింది.

"రూపీ, రేపు ఎనిమిది మందే పోతరానే?" అంది తృప్తి ఏడుపు గొంతుతో.

రూపాలి చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ పిల్ల కాసేపు నిలబడి ఆలోచించి, తీరిగ్గా నడుచుకుంటూ వెళ్ళి ఇంకో పిల్లకు ఖో ఇచ్చింది. ఆ పిల్ల కాళ్ళీడ్చుకుంటూ పోయి మరో పిల్లకు ఇచ్చింది. అట్లా ఖో వరసంతా తిరిగింది. రూపాలి వదిలిన చోట్లో కూర్చున్న పార్వతీబాయి వీపును మాత్రం ఎవరి చెయ్యీ తాకలేదు. ఆమె కూడా వెనక్కి తిరిగి చూడలేదు. గోడ పక్కనున్న మేకను చూస్తూ ఊపిరి తీసుకుంటోంది.

గంట మోగింది.

పిల్లలంతా తృప్తి మీద పడి గంతులేశారు. గురూజీ ఆగకుండా ఈల వేస్తూనే ఉన్నారు. కాసేపటికి తృప్తికి సంతోషం కాస్త తగ్గి, భయం మొదలైంది. నాయనమ్మ దగ్గరికి వచ్చి పక్కన కూలబడింది.

"పత్తి తడుస్తదేమో బాపమ్మ."

"నీ సాలు పత్తి గూడ నేనే ఏరుత తీయ్."

"మరి నాయన నిన్ను తిడ్తడు గద. ఏం చెప్తవ్?"

"ఏం చెప్పాలెనో నిన్ననే రూపాలిని అడిగి పెట్టుకున్న," అంది పార్వతీబాయి కూర్చున్న చోటు నుంచి కదలకుండానే. "ఖో ఇచ్చినోళ్లు, మళ్ల ఎవ్వలన్న ఖో ఇచ్చేదాక లేవొద్దట."