తొమ్మిదో షరతు

“ఒకటో నంబరు పోర్షన్ రేపు పొద్దున్నకల్లా ఖాళీ కావాలి. గేటుకి టు-లెట్ బోర్డు కట్టు” అన్నాడు వీరరాఘవయ్య.

వాచ్‌మన్ దేవరాజ్ చేతిలో చీపురు కింద పెట్టేశాడు. “ఎవరూ అడగలేదు కదండీ. అద్దెకున్నోళ్ళలో ఒక్కరు కూడా నోరెత్తలేదు.”

“వాళ్ళు అడగాలా? అగ్రిమెంటులో ఉందిగా.”

ఉంది. తొమ్మిదో షరతు. ఇంట్లో ఎవరికైనా జబ్బు ముదిరి, ఇక లాభం లేదని డాక్టరు చెప్పేస్తే ఆ మనిషిని వెంటనే వేరే చోటికి మార్చాలి. బిల్డింగులో ప్రాణం పోకూడదు. ఒకటో నంబరులో మనిషి గురించి విజయవాడ డాక్టరు ఆ మాట సోమవారమే చెప్పేశాడు. నెల గడవడం కష్టం, ఇంటికి తీసుకెళ్ళండి అన్నాడు.

ఆ షరతు ఊరికే పుట్టలేదు. ఇరవై ఏళ్ళ కిందట వీరరాఘవయ్య నందిగామ బస్టాండు వెనక నాలుగు పోర్షన్లు కట్టాడు. మొదటి ఏడాదే ఒక దాంట్లో ముసలాయన పోయాడు. నక్షత్రం మంచిది కాదు, ఆరు నెలలు మూసేయమన్నాడు పురోహితుడు. మూసింది ఒక పోర్షనే. భయపడి మిగతా మూడిళ్ళవాళ్ళూ సామాను సర్దుకున్నారు. అప్పిచ్చిన బ్యాంకువాళ్ళు మాత్రం వదల్లేదు. ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు. అద్దెకిచ్చి చూడు అనడం మర్చిపోయారు.

షరతు పెట్టాక ఏ పోర్షనూ నెల దాటి ఖాళీగా లేదు. నాలుగు కాస్తా పన్నెండయ్యాయి. జగ్గయ్యపేటలో ఎవరో సగంలో వదిలేసిన అపార్ట్‌మెంటు కొని పూర్తి చేశాడు. ఇప్పుడు రెండు ఊళ్ళలో కలిపి నలభై పోర్షన్లు. కొత్తగా స్థలం కొన్నవాళ్ళు వచ్చి, మీ రహస్యమేంటి సార్ అని అడిగేవాళ్ళు. “ఖాళీ పోర్షన్ అంటే పుండే. ముదరనివ్వకూడదు” అనేవాడు గర్వంగా.

ఆ గర్వం ఇప్పుడు లేదు. నలభై ఇళ్ళ కుళాయిలు, నలభై ఇళ్ళ తగువులు. మనిషి అలిసిపోయాడు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. రెండు మాటలు మాట్లాడితే దగ్గు.

తొమ్మిదో షరతు కింద ఇప్పటికి ముగ్గుర్ని పంపించాడు. ఆఖరివాడు జాన్‌బాషా. నాలుగో నంబరు, ఆటో తోలేవాడు. ఎక్కడా చోటు దొరకలేదంటే, వీరరాఘవయ్యే పెద్ద మనసు చేసుకుని తన రేకుల షెడ్డు ఇచ్చాడు. మున్నేటి దారిలో సెంట్రింగ్ చెక్కలు పడేసుకునే షెడ్డు. నాలుగో రోజు జాన్‌బాషా అక్కడే పోయాడు. భార్య అమీనాబీ కుట్టుమిషను మోసుకుని మళ్ళీ నాలుగో నంబరుకే వచ్చింది. ఒంటరి ఆడమనిషికి ఇంకెవరు ఇల్లిస్తారు?

“ఆ షెడ్డు ఊడ్పించి మంచం వేయించు” అన్నాడు వీరరాఘవయ్య.

“రేకులు కారతన్నాయి సార్. పైన పట్టా అన్నా కప్పిస్తా.”

“జాన్‌బాషాకి కప్పించామా?”

దేవరాజ్ తల దించుకున్నాడు.

ఈలోగా వీరరాఘవయ్య భార్య వసుమతి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. మూడు రోజులుగా ఏడ్చి ఏడ్చి ఆవిడ కళ్ళు వాచిపోయాయి. “మీకు దణ్ణం పెడతా. ఈ ఒక్కసారికీ ఆ షరతు పక్కన పెట్టండి. మనం రాసుకున్నదేగా, బ్రహ్మ రాసిందా?”

“ఈ ఒక్కసారికీ పెడితే, ఆ ముగ్గురికీ ఎందుకు పెట్టలేదని అడుగుతారు.”

“ఎవరడుగుతారండీ?”

ఆయన నాలుగో నంబరు గుమ్మం వైపు చూశాడు. మెడలో టేపు వేసుకుని అమీనాబీ అక్కడే నిలబడి ఉంది. అన్నీ వినే ఉంటుంది. నాలుగడుగులు ముందుకొచ్చింది.

“ఒద్దు ఓనరు గారూ. ముసురు పట్టేట్టుంది.”

“అమ్మా, అప్పుడు ఆ షెడ్డు బాగా కారిందా?”

“కారింది. నాలుగు రోజులూ ఆయన మొహమ్మీద తడి పడకుండా గొడుగు పట్టుకుని కూర్చున్నా. మీ మీద కోపం లేదని అబద్ధం చెప్పను. మిమ్మల్ని తిట్టుకోని రోజు లేదు. అయినా సరే, పగవాడిక్కూడా ఆ చావు ఒద్దు. ఇక్కడే కానీండి. నేనేం భయపడను. ఇల్లూ ఖాళీ చెయ్యను.”

వీరరాఘవయ్యకి ఎక్కడలేని సిగ్గు ముంచుకొచ్చింది. నన్ను క్షమించమ్మా అనే మాట గొంతు దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. దగ్గు ఒక్కటే బయటికొచ్చింది. కాసేపు గోడ పట్టుకుని నిలబడ్డాడు.

“మంచం వేయించు దేవరాజూ” అన్నాడు మళ్ళీ.

మర్నాడు పొద్దున్నే ట్రాలీ ఆటో వచ్చి గేటు ముందు ఆగింది. మబ్బు పట్టి ఉంది. ఇంకా చినుకు పడలేదు. ట్రాలీలో పరుపు పరిచి, తలవైపు రెండు దిండ్లు వేశారు. అద్దెకున్నవాళ్ళంతా వరండాల్లోకి వచ్చారు. దేవరాజ్ టు-లెట్ బోర్డు కట్టి, మొహం అటు తిప్పేసుకున్నాడు.

అమీనాబీ లోపలికెళ్ళి ఒక పాత నల్ల గొడుగు తెచ్చింది. వసుమతి చేతిలో పెట్టింది. “ఉంచుకోండమ్మా. అక్కడ దీంతో పని ఉంటది.”

వీరరాఘవయ్య ఒకటో నంబరుకి తాళం వేసి, తాళంచెవి దేవరాజ్‌కిచ్చి, అతని భుజం ఆసరాతో ట్రాలీ ఎక్కి, ఆ పరుపు మీద తనే పడుకున్నాడు.