రియర్ అడ్మిరల్ అప్పన్న

పెళ్ళికి ముందురోజు సాయంత్రం టాటానగర్ అగ్రికో కాలనీలోని క్వార్టర్‌లో మగపెళ్ళివారి యుద్ధ సన్నాహాలు మొదలయ్యాయి.

సేనాని హరిప్రసాద్. పెళ్ళికొడుకు మహేష్‌కి పెదనాన్న. ఆ ఉదయమే విశాఖపట్నం నుంచి దిగాడు. నేవీలో ముప్పై ఏళ్ళు చేశానని చెప్పుకుంటాడు. చేసిన మాట నిజమే, స్టోర్స్ ఆఫీసులో గుమాస్తాగా. ఓడ ఎక్కింది ఒక్కసారి, అదీ ఒడ్డున కట్టేసి ఉండగా. అప్పుడు కూడా వాంతులయ్యాయి.

అసలు సంగతి ఊరేగింపు. మర్నాడు ఉదయం జుగ్సలాయిలోని కల్యాణ మండపానికి మేళతాళాలతో వెళ్ళాలి. గుమ్మంలో ఆడపెళ్ళివారు ఎదురొచ్చి, అందరికంటే ముందు నడిచొచ్చిన పెద్దమనిషికి తొలి తాంబూలం ఇస్తారు. మూడుముళ్ళు పడేదాకా మగపెళ్ళివారి తరఫున మాట ఆయనదే. ఆ ఇంట్లో ముందు నడిచేది ఎప్పుడూ మేనమామే.

మేనమామ అప్పన్న. పెళ్ళికొడుకు తల్లి పద్మకుమారికి తమ్ముడు, అదే ఊళ్ళో కాసిడీహ్‌లో ఉంటాడు. మహేష్‌ని చిన్నప్పుడు భుజాన వేసుకు తిరిగిందీ, టైఫాయిడ్ వస్తే ఆసుపత్రిలో మంచం పక్కన నేలమీద పడుకున్నదీ అతనే. ఈ తాంబూలం కోసం మేనల్లుడు పుట్టినప్పటి నుంచి ఎదురుచూస్తున్నాడు. అతను ఏం పనిచేస్తాడో హరిప్రసాద్ ఎన్నడూ అడగలేదు. చొక్కా చూసి తేల్చేసుకున్నాడు.

"ఎవడికి తోసినట్టు వాడు నడిత్తే అది ఊరేగింపవదు, సంతవుద్ది," అంటూ హరిప్రసాద్ పాఠం మొదలెట్టాడు.

అడ్మిరల్ అన్న మాట అరబ్బుల అమీర్ నుంచి వచ్చిందట. అమీర్ అంటే అధిపతి. తెరచాప ఓడల కాలంలో నౌకాదళాన్ని మూడు భాగాలు చేసేవారట. మధ్య భాగంలో అడ్మిరల్. ముందు భాగంలో వైస్ అడ్మిరల్, శత్రువు దెబ్బ మొదట కాసుకునేది అతను. వెనక భాగంలో రియర్ అడ్మిరల్. అక్కడ ప్రమాదం తక్కువ కాబట్టి ముగ్గురిలో చిన్నవాడికి ఆ పని అప్పగించేవారట.

ఇంతవరకూ చరిత్ర. ఇక్కడి నుంచి హరిప్రసాద్.

పెళ్ళికొడుకు కారులో మధ్యన ఉంటాడు కాబట్టి వాడు అడ్మిరల్. వయసును బట్టి చూస్తే ఆ పదవి తనదే. అయినా పెద్దమనసు చేసుకుని వైస్ అడ్మిరల్‌గా సర్దుకున్నాడు. ముందు నడవాలి కదా పాపం. తాంబూలం సంగతి మాత్రం ఎత్తలేదు. దారి కూడా తనే ఫోన్‌లో చూసి, గోడౌన్ల సందులోంచి దగ్గరని నిర్ణయించేశాడు.

"అప్పన్నా, నువ్వు రియర్ అడ్మిరల్. సామాన్ల ఆటో ఎనకాల నడు. సిన్న పదవనుకోకు, దండు మొత్తం ఎనక్కి తిరిగితే నువ్వే ముందుంటావు. మనమేటి, ఓడిపోయి పారిపోతామేటి?" అని తనే నవ్వాడు.

అందరూ పెళ్ళికొడుకు తండ్రి సూర్యప్రకాష్ వైపు చూశారు. అన్నగారి ముందు నోరెత్తే అలవాటు ఆయనకు లేదు. ఆ అలవాటు ఆ సాయంత్రం కూడా చేసుకోలేదు.

"అలాగే బావా," అన్నాడు అప్పన్న.

పద్మకుమారి తమ్ముణ్ణి వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"ఏటి తమ్ముడూ, నోట్లో నాలిక లేదేటి నీకు?"

"పెళ్ళి ముందర గొడవెందుకక్కా. ఊరుకో."

"జానే దో మామా, పెదనాన్న ఐసే హీ హై," అన్నాడు మహేష్, వదిలెయ్ ఆయనంతే అన్నట్టు, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

అప్పన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పని ఉందని చెప్పి పెందరాళే వెళ్ళిపోయాడు.

మర్నాడు ఊరేగింపు గొప్పగా బయలుదేరింది. ముందు తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కాలో హరిప్రసాద్. ఆయన వెనక బ్యాండు, ఆ వెనక చుట్టాలు, పెళ్ళికొడుకు కారు, సామాన్ల ఆటో. అన్నిటికంటే వెనక, పట్టు లాల్చీలో దుమ్ము తింటూ అప్పన్న.

గోడౌన్ల సందు మహా ఇరుకు. కారు పట్టాక పక్కన మనిషి పట్టడు. తీరా చివరికి చేరితే అడ్డంగా ఒక లారీ. డ్రైవర్ లేడు, క్లీనర్ లేడు. ఎవరి బండని అడిగితే గోడౌన్ల వాళ్ళు మాకేం తెలుసన్నారు. హరిప్రసాద్ లారీకీ గోడకీ మధ్య దూరి చూశాడు. పొట్ట ఒప్పుకోలేదు. లారీని ఇంగ్లీషులో తిట్టాడు, హిందీలో తిట్టాడు. లారీ కదల్లేదు.

మండపం నుంచి పురోహితుడు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. ముహూర్తం దాటిపోయేలా ఉంది. చివరికి సూర్యప్రకాష్ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అన్నగారి ముందు నోరు విప్పాడు.

"ఎనక్కి తిరగండి. పక్క సందులోంచి పోదాం."

దండు వెనక్కి తిరిగింది. ఆటో వెనక్కి నడిచింది, కారు వెనక్కి నడిచింది. హరిప్రసాద్ ముందుకు దూసుకెళ్ళబోయాడు గానీ కారు సందంతా నింపేసింది. అప్పన్నని ఆగమని అరిచాడు. ఆ అరుపు బ్యాండు మోతలో కలిసిపోయింది.

పక్క సందు మొదట్లోనే మండపం. గుమ్మంలో పెళ్ళికూతురి తండ్రి కూర్మారావు పళ్ళెంతో నిలబడి ఉన్నాడు. టాటానగర్ రైల్వేలో పనిచేసే ఆయనకు ఈ అడ్మిరళ్ళ గొడవేమీ తెలియదు. ముందు ఎవరొచ్చారో చూశాడు. పన్నీరు చల్లి, పానకం ఇచ్చి, తాంబూలం అప్పన్న చేతిలో పెట్టాడు.

"ఇకనించి మీ మాటే మా మాట, అన్నయ్యగారూ," అన్నాడు.

పద్మకుమారి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. చెమటలు కక్కుతూ హరిప్రసాద్ వచ్చేసరికి పానకం అయిపోయింది. ఎవరో ప్లాస్టిక్ గ్లాసులో మంచినీళ్ళిచ్చారు. అవి తాగి, ఆ లారీవాణ్ణి జైల్లో పెట్టించకపోతే తన పేరు మార్చుకుంటానని శపథం చేశాడు.

"పోన్లే బావా, బుద్ధిలేనోడెవుడో పెట్టేసుంటాడు," అని ఓదారుస్తూ అప్పన్న, లాల్చీ జేబులోని లారీ తాళాలు గలగలమనకుండా ఎడమచేత్తో అదిమి పట్టుకున్నాడు.