రెండొందల గాలన్లు

“అద్దడం కాదే, తుడువు! వాకిట్లో కళ్ళాపి చల్లినట్టు నిలబడతావేం?” అన్నాడు జగన్మోహన్, బేస్‌మెంట్ మెట్ల మీద నుంచే.

కింద మీనాక్షి పాత తువ్వాళ్ళతో నేల మీది ఆయిల్ తుడుస్తోంది. ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి కొలిమిలో మండించే ఆయిల్ అది. లారీవాళ్ళు బయట నుంచి ఆయిల్ పోసే గోడలోని పాత గొట్టంలోంచి దూకి, ఆమె పరుపుని తడిపి, రేకుపెట్టె చుట్టూ తిరిగి, వాషింగ్ మెషీన్ దాకా పాకింది. రెండొందల గాలన్లు.

జగన్మోహన్ కింద అడుగు పెట్టలేదు. డాక్టరుగారి బూట్లు ఇటలీవి.

మీనాక్షి అతని మరదలు. పదిహేడేళ్ళు. పల్లెటూరి బడిలో పదో తరగతి పాసై, అక్క బిడ్డని చూసుకోవడానికి నాలుగు నెలల కిందట న్యూజెర్సీ వచ్చింది. వచ్చే సెప్టెంబరులో ఇక్కడి హైస్కూల్లో చేర్పిస్తానని అక్క వసుమతి మాటిచ్చింది. ఆ మాట పట్టుకునే ఈ ఇంట్లో పడి ఉంది. ఇన్నాళ్ళలో ఆమె నోట జగన్మోహన్ విన్నవి రెండే ముక్కలు. “సరే బావగారూ”, “చలి బావగారూ”. మొదటిది అతనికి నచ్చింది.

“అసలు మనకి ఆయిల్ ఎందుకొచ్చిందండీ?” అంది వసుమతి, పాపని భుజాన వేసుకుని. “గ్యాసుకి మారి ఏడాదైందిగా!”

“ఆ కంపెనీ వెధవలకి మన పేర్లన్నీ ఒకటే కనక. నేను కొల్లూరి. మూలింట్లో కృష్ణమూర్తి కొల్లా. వాళ్ళ కార్డు మీద ‘కె’ అని ఉంటే చాలు, కంటికి కనబడ్డ ఇండియన్ గొట్టంలో పోసేస్తారు.”

“ట్యాంకు తీసినప్పుడే ఆ గొట్టం కూడా తీయించమన్నాను.”

“గోడ బయట జానెడు గొట్టం ఉంటే నీకేమన్నా గుచ్చుకుందా? దానికి మళ్ళీ ప్లంబరొకడా?”

వసుమతి మెట్ల కిందికి తొంగి చూసింది. గుచ్చుకున్నది ఎవరికో కింద కనబడుతూనే ఉంది.

పదకొండింటికి ఆయిల్ కంపెనీ మేనేజరు డొనెల్లీ వచ్చాడు. అరవై దాటిన మనిషి. రబ్బరు బూట్లు తొడుక్కుని తిన్నగా బేస్‌మెంట్‌లోకి దిగాడు. తడిసిన పరుపుని చూశాడు. మీనాక్షి తొడుక్కున్న రెండు స్వెట్టర్లని చూశాడు. పైకొచ్చి ఇంగ్లీషులో అన్నాడు.

“తప్పు కొంత మాది, డాక్టర్. ట్యాంకు నిండుతున్నంతసేపూ దాని గాలిగొట్టంలోంచి ఈల వినబడుతుంది. వినబడకపోతే మావాడు పంపు ఆపెయ్యాలి. ఆపలేదు. కానీ ఆర్డరిచ్చింది ఈ ఇంటివాళ్ళే అయితే శుభ్రం చేయించే ఖర్చులో సగం మీరే పెట్టుకోవాలి.”

“నేనిచ్చానా ఆర్డరు? లేని ట్యాంకుకి?”

“మంగళవారం పొద్దున ఓ ఆడమనిషి ఫోన్ చేసింది. చాలా చలిగా ఉంది, త్వరగా పంపండి అందట. ప్లీజ్ అని రెండుసార్లు అందట. ఇండియన్ యాస.”

“ఇంకేం, దొరికింది!” జగన్మోహన్ వసుమతి వైపు తిరిగి తెలుగులోకి దిగాడు. “కృష్ణమూర్తి పెళ్ళాం రాధారాణే. కాన్వెంటు చదువు. ప్లీజ్ లేందే మంచినీళ్ళు కూడా అడగదు.” మళ్ళీ డొనెల్లీతో, “మంగళవారం నేనూ నా వైఫూ ఇద్దరం హాస్పిటల్ డ్యూటీలో ఉన్నాం. చెక్ చేసుకోండి” అన్నాడు.

“ఇంట్లో ఇంకెవరూ లేరా?”

జగన్మోహన్ పగలబడి నవ్వాడు. “మీనా! ఇలా రావే!”

మీనాక్షి వచ్చింది. మోచేతుల దాకా ఆయిల్.

“ఇదిగో, ఇదీ మిగిలింది. ఏమడుగుతారో అడగండి.” వసుమతికేసి కన్ను కొట్టాడు. “ఫోన్ చేసింది ఇదే అయితే రేపే విమానం ఎక్కించేస్తా. హైస్కూలూ లేదు, పాడూ లేదు.”

“నీ పేరేమిటమ్మా?” అన్నాడు డొనెల్లీ నెమ్మదిగా, ఇంగ్లీషులో.

మీనాక్షి అక్క మొహం చూసింది. నేల చూసింది.

“మాకు నువ్వు ఫోన్ చేశావా?”

ఓణీ చెంగు వేలికి చుట్టుకుంది.

“ఆయన పేరడుగుతున్నాడే, మొద్దూ!” అన్నాడు జగన్మోహన్. తర్వాత డొనెల్లీ భుజం తట్టి ఇంగ్లీషులో చెప్పాడు. “చూశారుగా? దీనికి గ్యాసుకీ ఆయిల్‌కీ తేడా తెలీదు. ఒక్కదాని కోసం బేస్‌మెంటంతా వెచ్చబెట్టడం దేనికని అక్కడికి వేడి రాకుండా నేనే మూసేశాను. చలి, చలి అని ప్రాణం తీస్తుంటే, ఆయిల్ అయిపోయింది, వస్తే వెచ్చగా ఉంటుందిలే అన్నాను. నమ్మేసింది! అలాంటిది ఫోన్ చేస్తుందా? ఇంగ్లీషులోనా? దానికి ఫోను ఏ వైపు చెవికి పెట్టుకోవాలో తెలిస్తే గొప్ప.”

డొనెల్లీ నవ్వలేదు. మీనాక్షి స్వెట్టర్ల వంక ఇంకోసారి చూశాడు. తర్వాత పెన్ను తీసి, చిరునామా పొరపాటు, ఖర్చంతా కంపెనీదే అని రాసి సంతకం పెట్టాడు.

“అలా ఉండాలి!” జగన్మోహన్ కాగితం లాక్కుని, కృష్ణమూర్తికి ఫోన్ చేసి దులపడానికి వంటింట్లోకి పరిగెత్తాడు.

“బేస్‌మెంట్ బాగయ్యేదాకా మీనా పైన పాప గదిలో పడుకుంటుంది!” అని వసుమతి వెనక నుంచి కేకేసింది.

“పడుకోనీ, పడుకోనీ! ఏం చేస్తాం!”

డొనెల్లీ బూట్లు మార్చుకుని లేచాడు. మీనాక్షి తలుపు తీసి పట్టుకుంది. వంటింట్లో జగన్మోహన్ గొంతు ఇల్లెగరగొడుతోంది. ఆమె ఒక్కసారి అటు చూసి, డొనెల్లీ వైపు తిరిగింది.

“ఆ రోజు నా ఫోన్ ఎత్తినావిడకి థాంక్స్ చెప్పండి, సర్, ప్లీజ్” అంది ఇంగ్లీషులో.