ముందుగా తీర్చిన అప్పు

ఉత్తరాల డబ్బాలోంచి మిర్యాంగ్ గ్యాసు బిల్లు తీస్తుంటే, గార్డు ముసలాయన మెడ సాచి అంకె చదివేశాడు.

"అంతయిందా? వాడని వెనకగది నేల కింద పారే వేడినీళ్లు ఆపెయ్యండమ్మా. సింకు కింద గోడవైపు చెయ్యి పోనిస్తే చిన్న పిడి తగులుతుంది. బయటికి కనపడదు."

"మా సింకు కింద ఏముందో మీకెలా తెలుసు?"

"అన్ని ఇళ్లూ ఒకటే కదమ్మా," అంటూ చీపురందుకున్నాడు.

పిడి అక్కడే ఉంది. మరుసటి నెల బిల్లు మూడో వంతు పడిపోయింది. ఆ మాట ఆయనకు చెబుదామనుకుంది. చెప్పలేదు.

దక్షిణ కొరియాలోని ఇంచియాన్‌లో ఆ పాత అపార్టుమెంటు కొనడానికి మిర్యాంగ్, బస్సు నడిపే ఆమె భర్త తేషిక్ పన్నెండు కోట్ల వన్లు అప్పు చేశారు. బ్యాంకు ఇరవై ఏళ్లు గడువిచ్చింది. ఆమె పదేళ్లలో తీర్చాలని పట్టు పట్టింది.

పగలంతా బడి వంటశాలలో ఆరువందల మందికి వండుతుంది. అప్పు తీరిన మర్నాడే సొంతంగా కూరలూ పచ్చళ్లూ అమ్మే కొట్టు పెట్టాలని ఆమె పంతం. మోకాళ్లు అప్పటికే అరుగుతున్నాయి. ఇరవై ఏళ్లు ఆగవు.

జీతాల రోజున డబ్బు కవర్లలోకి పంచేది. తిండికొకటి, పాప చదువుకొకటి, పండగలకొకటి. మొగుడి చేతి ఖర్చుకు అన్నిటికన్నా సన్నది.

"ఇది కవరా, తపాలా బిళ్లా?" అన్నాడు తేషిక్.

"బిళ్లే. నాలిక్కి అంటించుకుని నోరు మూసుకో."

కవర్ల సంగతి గార్డుకెలా తెలిసిందో గాని, ఒకరోజు చెత్త వేరుచేసే చోట ఆపాడు.

"అప్పుకి మూడేళ్లు నిండాకే ముందుగా కట్టండమ్మా. ఈలోపు కడితే బ్యాంకు రుసుము లాగుతుంది."

అది పనికొచ్చే మాటే. అక్కడితో ఆగితే బాగుండేది.

"ఎప్పుడైనా వాయిదా తప్పితే మాత్రం దాక్కోవద్దు. రెండోది తప్పేలోపే వెళ్లి వాళ్లెదురుగా కూర్చోండి."

"మేం వాయిదాలు తప్పేవాళ్లలా కనపడుతున్నామా?"

"ఎవరూ కనపడరమ్మా."

ఆమెకు ఒళ్లు మండింది. గేటు కాసేవాడికి ఇవన్నీ ఎందుకు?

ఎనిమిదో ఏట నివాసుల సమావేశం పెట్టారు. గార్డుల్ని తీసేసి కెమెరాలూ, వాటంతటవే తెరుచుకునే తలుపులూ పెడితే ఇంటికి నెలకు ముప్పై నాలుగు వేలు మిగులుతాయన్నారు. మిర్యాంగ్ కుర్చీలోనే లెక్క వేసేసింది. ఏడాదికి నాలుగు లక్షల పైమాట. సంతకాల కాగితం తనే పట్టుకుని తిరిగింది.

"మన గార్డుకి డెబ్బై దాటాయే. ఎక్కడికి పోతాడు?" అన్నాడు తేషిక్.

"నా మోకాళ్లు ఎక్కడికి పోతాయని ఎవరైనా అడిగారా?"

లేనివాడి పొదుపు ఎప్పుడూ ఇంకో లేనివాడి గిన్నెలోంచే మొదలవుతుంది. వడ్డీ రవ్వంత తగ్గించమని బ్యాంకును అడగడానికి మాత్రం ఆ భవనంలో ఒక్కరూ కాగితం పట్టుకుని తిరగలేదు.

లిఫ్టులో నోటీసులు అంటించడం గార్డు పని. గార్డుల్ని తీసేస్తున్నామన్న నోటీసు కూడా ఆయనే అంటించాడు. నాలుగు మూలలా టేపు వేసి, వంకర పోకుండా.

మిర్యాంగ్ అప్పుడే లిఫ్టెక్కింది.

"అక్షరాలు కనపడుతున్నాయా అమ్మా?"

"ఆ."

ఆయన మిగిలిన టేపు జేబులో పెట్టుకుని లిఫ్టు దిగిపోయాడు. నెలాఖరున ఒక సంచీతో వెళ్లిపోయాడు.

తొమ్మిదో ఏడు నిండకుండానే అప్పు తీరిపోయింది. మిర్యాంగ్ ఇంటి రిజిస్ట్రీ నకలు తెచ్చుకుంది. ఎర్ర చిక్కుళ్లు చల్లి ఆవిరి మీద వండిన బియ్యప్పిండి కేకు చేయించి గడపగడపకూ పంచింది.

ఎదురింటి కుమ్‌రే అవ్వ ఆ భవనం కట్టిన నాటి నుంచీ అక్కడే ఉంటోంది. కేకు నములుతూ నకలు చూపించమంది.

"ఇదిగో అవ్వా, బ్యాంకు పేరు కొట్టేశారు. ఎర్రగీత చూడు."

"పైన ఇంకో ఎర్రగీత ఉందేమిటే?"

"అది మన కథ కాదులే. ఎప్పుడో బ్యాంకు జప్తు చేసి వేలం వేసింది. వేలంలో పాడుకున్నాయన మాకమ్మాడు. అంతకుముందు క్వాక్ జోంగ్సు అని ఎవరిదో. పాపం, ఎవరో."

అవ్వ నమలడం ఆపింది.

"ఎవరో ఏమిటే. ఫ్యాక్టరీ మూతపడింది. బ్యాంకువాళ్లకి మొహం చూపించలేక ఆర్నెల్లు తలుపేసుకుని కూర్చున్నాడు. చివరికి తలుపే పోయింది. భార్య ఆ దిగులుతోనే పోయింది."

"మా ఇంట్లోనా?"

"అప్పుడది వాళ్లిల్లు. తర్వాత కూడా ఈ వాకిలి వదిలి వెళ్లలేకపోయాడు. కొత్తగా వచ్చినవాళ్లకి చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. తెలిస్తే వాళ్లకి ఆ ఇంట్లో నిద్రపట్టదట."

మిర్యాంగ్ ఒక కేకు ముక్క కాగితంలో చుట్టింది.

"ఎక్కడుంటారో చెప్పు అవ్వా. ఇచ్చొస్తాను."

"ఎక్కడికని వెళ్తావు? పోయిన చలికాలంలో ఒంటిగదిలో పోయాడు. మూడు రోజులకి గాని ఎవరికీ తెలియలేదు."

మిర్యాంగ్ పొట్లం కింద పెట్టింది.

"నేను చూసిన మనిషేనా?"

అవ్వ కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"రోజూ చూశావు. నువ్వు కాగితం తెస్తే నేనూ సంతకం పెట్టాను కదే, మన గార్డుని తీసెయ్యమని."