మీటరున్నర

“ముందు అమ్మ చెయ్యి వదులు. తర్వాత మాట్లాడదాం” అంది టైలరమ్మ, మెడలోని టేపు కూడా తీయకుండా.

వచ్చినవాడు వదల్లేదు. మంచం అంచున కూర్చుని పెద్దావిడ అరచేతిని తన రెండు చేతుల మధ్య దాచుకున్నాడు. పెద్దావిడ ముఖం వెలిగిపోతోంది. పొరలు కమ్మిన కళ్ళు మాత్రం అతని చెవి పక్కనున్న గోడను చూస్తున్నాయి.

“మన చిన్నోడేనే అమ్మాయ్! గొంతు బొంగురుపోయింది గానీ, వాడే.”

“నీకు పాలవాడు పిలిచినా చిన్నోడిలాగే వినిపిస్తుందమ్మా.”

అతను నవ్వాడు. “అక్క నాలుక ఇంకా కత్తెరే. మనిషివి మాత్రం గుర్తుపట్టలేనంత మారిపోయావక్కా.”

“నువ్వు మారలేదా? మీసం మొలవకముందు పారిపోయినవాడివి, బట్టతలతో ఊడిపడ్డావ్!”

అతను తలమీద చెయ్యి వేసుకుని మళ్ళీ నవ్వాడు. ఎంతకీ తడబడకపోవడమే ఆమెకు నచ్చలేదు. నిజం చెప్పేవాడు అక్కడక్కడా తడుముకుంటాడు. ఇలా నున్నగా మాట్లాడేది నేర్చుకొచ్చినవాళ్ళే.

“బయట కారుంది” అన్నాడతను. “కళ్ళ డాక్టరుతో మాట్లాడే వచ్చాను. పొరలు తీసేస్తే చూపు వస్తుందట. ఇవాళ చేర్పిస్తే రేపే ఆపరేషన్. అమ్మ మన ముఖాలు చూస్తుందక్కా!”

“ఈ వయసులో కళ్ళమీద కత్తి పెట్టిస్తావా?”

“దాన్నేమీ అనకురా” అంది పెద్దావిడ. “నాకేమన్నా అవుతుందని దానికి భయం. ఎప్పుడడిగినా వద్దనే అంటుంది. పిచ్చిది, నన్ను కంటికి రెప్పలా చూసుకుంటోంది.”

అబద్ధం కాదు. చూపు పోయిన దగ్గర్నుంచీ పెద్దావిడకు తల దువ్వడం, అన్నం కలిపి పెట్టడం, కాళ్ళు పట్టడం, అన్నీ టైలరమ్మే. అలాంటి మనిషిని ముక్కూ మొహం తెలియనివాడు కారెక్కించుకుపోతానంటే ఊరుకుంటుందా? ఏ ఊళ్ళో దింపేస్తాడో, ఏ కాగితం మీద వేలిముద్ర వేయిస్తాడో!

“అమ్మ టీ తాగాక చూద్దాం. నువ్విలా రా” అని అతన్ని వెనకగదిలోకి తీసుకుపోయింది.

కిటికీ పక్కన పాత కుట్టుమిషను. నేలంతా గుడ్డపీలికలు. టైలరమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“నాన్న అన్నాల దగ్గర ఏం చేసేవాడు?”

“పరీక్షా?” అన్నాడతను. “లెక్క వేసేవాడు. జవాబు చెప్పినవాళ్ళకే మొదటి వడ్డన.”

“అది ఈ వీధిలో ఎవరైనా చెబుతారు. ఇది విప్పు. డబ్బాలో గుండీలున్నాయి. సగం చొక్కాలకు కుట్టాను. మిగిలినవాటిలో మూడో వంతు జాకెట్లకు పోయాయి. ఇంకా ఎనిమిదున్నాయి. మొదట ఎన్ని?”

అతను కళ్ళు పైకెత్తాడు. పెదవులు కదిలాయి.

“ఇరవై నాలుగు. ‘మిగిలినవాటిలో’ అన్నావు చూడు, అక్కడే అందరూ బోల్తా పడతారు. మిగిలిన సగంలో ఒక వంతు పోతే రెండొంతులుంటాయి. అవి ఎనిమిదంటే వంతుకు నాలుగు, సగానికి పన్నెండు. అయ్యిందా? ఇక అమ్మ చీరలు సర్దు.”

“ఆగు. ఇంకొక్కటి.”

బుర్ర ఉన్నవాడెవడైనా మొదటి లెక్క విప్పుతాడు. ఆమెకు కావలసింది బుర్ర కాదు. ఈ ఇంటికి మాత్రమే చెందిన ఒక తప్పు ఉంది. దాన్ని చెప్పుకుని పెద్దావిడ ఎన్నిసార్లు నవ్విందో! కత్తెర పట్టిన టైలరు మొగుడు మీటరున్నర అంటే, కాదనే దమ్ము ఇంట్లో ఎవరికీ ఉండేది కాదట. బయటివాడు ఎంత తెలివైనవాడైతే అంత తేలిగ్గా దొరికిపోతాడు.

“ఒక గుడ్డ ఉంది. దాని పొడవెంతంటే, దాని పొడవులోనే ముప్పావు వంతూ, పైన ఇంకో ముప్పావు మీటరూ. మొత్తం ఎన్ని మీటర్లు?”

ఈసారి అతను ముందుగది వైపు ఒకసారి చూశాడు. గొంతు బాగా తగ్గించాడు.

“మూడు.”

టైలరమ్మ గుండెల మీంచి బండ దిగింది.

“దొరికావురా దొంగా! ఈ ఇంట్లో పెరిగినవాడు మీటరున్నర అంటాడు. ముప్పావూ ముప్పావూ కలిపి మీటరున్నర! మీ నాన్న ఎవడో గానీ, ఆ టైలరు మాత్రం కాదు. మర్యాదగా బయటికి నడు, లేకపోతే వీధి మొత్తాన్ని పిలుస్తా!”

“ఏమిటే ఆ అరుపులు? ఏమన్నాడే వాడు?” అని ముందుగదిలోంచి పెద్దావిడ కేక వేసింది.

వచ్చినవాడు కదల్లేదు. అతని ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది.

“నాన్న లెక్క తప్పని కనిపెట్టింది అక్కే” అన్నాడు. “నన్ను ఈ మిషను పక్కన కూర్చోబెట్టి, గుడ్డపీలికను నాలుగు మడతలు పెట్టి చూపించింది. మూడు మడతలు ముప్పావు వంతు, మిగిలిన ఒక్క మడతే ముప్పావు మీటరు. అలాంటివి నాలుగంటే మూడు మీటర్లు. నాన్న చిన్నబుచ్చుకుంటాడు, పైకి మీటరున్నరే అందాం, మనిద్దరి మధ్య మాత్రం మూడు అని నాతో ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు సంగతి అమ్మకు కూడా చెప్పలేదు.”

టైలరమ్మ గుమ్మానికి అడ్డం తప్పుకుంది.

“ఇంతకీ, మీరెవరండీ?”