ఏ రోజుది ఆ రోజు

ఆరు నెలల్లో హెడ్ నర్సు పంపిన నలభై ఒక్క ఫిర్యాదుల్లో ఒక్కటంటే ఒక్కటి కూడా వంటగది మెయిల్‌బాక్స్‌లో లేదు.

"చూశారా సార్, కడిగిన పళ్ళెంలా ఉంది!" అన్నాడు వంటల కాంట్రాక్టరు, ఆసుపత్రి సూపరింటెండెంట్ బల్ల మీదున్న కంప్యూటర్ తెరను చూపిస్తూ. "శనివారం శనివారం నేనే తెరిచి చూస్తాను. ఎప్పుడూ ఇంతే. రాయని ఉత్తరానికి జవాబు ఎక్కణ్ణించి తెచ్చేది?"

మాట్లాడుతూనే పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు. కుట్టి తీసినదాన్ని ఒకసారి పరీక్షగా చూసుకుని మళ్ళీ నోట్లోనే వేసుకున్నాడు. హెడ్ నర్సు మొహం పక్కకి తిప్పుకుంది.

నిన్నటి నుంచీ ఆమె వార్డులో పందొమ్మిది మందికి వాంతులు. ఎన్నిసార్లు కడుక్కున్నా వేళ్ళని ఆ వాసన వదలడం లేదు. ఏడో మంచం ముసలాయన సూప్‌లో కదులుతున్న తెల్లపురుగుని చెంచాతో పక్కకి నెట్టి, "పర్లేదమ్మా, ఆకలేస్తోంది" అన్న మాట చెవిని వదలడం లేదు.

"పదకొండింటికి విచారణ సంఘం వస్తోంది సిస్టర్," అన్నాడు సూపరింటెండెంట్, ఒక కాగితం ముందుకి తోస్తూ. "పురుగులొస్తున్నాయని తెలిసీ మీరు ఎవరికీ చెప్పలేదని ఇందులో ఉంది. సంతకం పెట్టండి."

"పెడితే నా ఉద్యోగం పోతుంది."

"పెట్టకపోయినా పోతుంది. పెడితే మర్యాదగా పోతుంది."

"నలభై ఒక్కసార్లు రాశాను సార్!"

"నకళ్ళేవి?"

"వార్డు కంప్యూటర్‌లో పంపినవాటి నకళ్ళు మిగలవు. ఆ సంగతి మీకూ తెలుసు."

"అయితే గాలికి రాశారన్నమాట," అని నవ్వాడు కాంట్రాక్టరు.

హెడ్ నర్సు ఫోన్ తీసింది. ఐదు నిమిషాల్లో మెయిల్ సర్వర్ చూసే ఉద్యోగి ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చాడు. ఆసుపత్రిలో అతన్ని అందరూ తపాలా అంటారు.

"తపాలా, నువ్వైనా చెప్పు. నేను పంపినవన్నీ ఏమయ్యాయి?"

"మెయిలేమన్నా కర్పూరమా అక్కా, కరిగిపోవడానికి? ఉండు." అతను బల్ల చివర కూర్చుని టకటకా కొట్టాడు. కాసేపటికి కనుబొమలు పైకి లేచాయి.

"సార్, మన సర్వర్లో ప్రతి మెయిల్‌బాక్స్‌కీ నిల్వ గడువు ఉంటుంది. వచ్చిన ఉత్తరం ఎన్నాళ్ళుండాలి, ఎప్పుడు దానంతటదే చెరిగిపోవాలి అని. అందరికీ మూడేళ్ళు. వంటగది బాక్స్ ఒక్కదానికే విడిగా వేరే గడువు పెట్టారు."

"ఎంత?"

"ఒక్క రోజు. ఇవాళ వచ్చింది రేపటికి ఉండదు. తిరిగి తీయడానికీ లేదు." తపాలా మొహం చిట్లించాడు. "ఛీ! రోగి నోటి దగ్గర తిండితోనా ఆటలు? ఇలాంటివాణ్ణి ఆ సూప్ బిందెలోనే ముంచాలి."

అందరి చూపూ కాంట్రాక్టరు మీద పడింది. పుల్ల జారి కింద పడింది.

"నా వంక చూస్తారేంటి? నాకు మెయిల్ తెరవడమే సరిగ్గా రాదు!"

"తెరవడం రాదు గానీ మూయించడం బాగానే వచ్చు," అంది హెడ్ నర్సు.

"నోరు జాగ్రత్త సిస్టర్! సర్వర్ నా చేతిలో ఉందా? ఏం చేయించాలన్నా పైవాళ్ళే చేయించాలి." అతని కళ్ళు సూపరింటెండెంట్ వైపు తిరిగాయి.

"ఏమన్నావ్?" సూపరింటెండెంట్ కుర్చీలోంచి లేచాడు. మెడ ఎర్రబడింది.

తోడుదొంగలు తన్నుకుంటున్నారు అనుకుంది హెడ్ నర్సు. ఆ గదిలో గాలి పీల్చుకోవడానికే ఆమెకి రోతగా ఉంది. ఒకడికి పళ్ళపుల్ల మీదున్న శ్రద్ధ రోగుల మీద లేదు. ఇంకొకడికి కాగితం మీద సంతకం పడితే చాలు.

"వాదులాట ఎందుకు సార్?" అన్నాడు తపాలా. "ఎవరు అర్జీ పెడితే ఈ గడువు మారిందో, ఎవరు మార్చారో సర్వర్ రాసుకుంటుంది. ఎంత పెద్దవాడైనా సరే, విచారణ సంఘం ముందు నిలబెట్టే పూచీ నాది అక్కా."

మళ్ళీ టకటకా కొట్టాడు. ఉన్నట్టుండి వేళ్ళు ఆగిపోయాయి.

సూపరింటెండెంట్ ల్యాప్‌టాప్‌ని తన వైపు తిప్పుకుని పైకి చదివాడు. "అర్జీ పెట్టినవారు: మూడో వార్డు హెడ్ నర్సు."

కాంట్రాక్టరు తొడ చరిచాడు. "అదీ సంగతి! తన రాతలు తనే తుడిపించుకుని మన మొహాన పూస్తోంది!"

"విషయం," సూపరింటెండెంట్ ఇంకా చదువుతున్నాడు. "వంటగది బాక్స్ నిండిపోతోంది. ఏ రోజుది ఆ రోజు ఖాళీ చేయించగలరు."

హెడ్ నర్సు తెర మీదికి వంగింది. అక్షరం అక్షరం తనదే.

"ఇది నేను రాసిందే," అంది. "కానీ రాసింది పారిశుద్ధ్యం వాళ్ళకి! వడ్డించే కిటికీ కింద ఇనప చెత్త బాక్స్ ఉంది చూడండి, దాని గురించి. వారానికోసారి ఎత్తుతారు దాన్ని. పురుగులు పుట్టేది అందులోనే. 'పని పూర్తయింది' అని జవాబొచ్చింది. అయినా పురుగులు తగ్గకపోతే అప్పుడు వంటగదికి రాయడం మొదలుపెట్టాను. ఈ అర్జీ మెయిల్ వాళ్ళ దగ్గరికి ఎందుకెళ్ళింది?"

"అర్జీల గుమాస్తా ఎక్కడికి పంపితే అక్కడికి," అన్నాడు సూపరింటెండెంట్ నీరసంగా. "మరి అందుకున్నవాడికి బుద్ధుండక్కర్లేదా? కింద పని చేసినవాడి పేరుండాలే... తపాలా, చెయ్యి తియ్యి."

తపాలా తెర మీంచి అరచెయ్యి తీశాడు. హెడ్ నర్సు మొహంలోకి చూడలేక నేల చూపులు చూస్తూ అన్నాడు.

"బాక్స్ అన్న మాట చూసి మెయిల్‌బాక్సే అనుకున్నాను సార్. కుళ్ళిన డబ్బాని కుళ్ళనిచ్చి, ఆ కుళ్ళు గురించి అక్క మొత్తుకున్న ఉత్తరాల్ని ఏ రోజువి ఆ రోజు ఖాళీ చేయించింది నేనే."